సగం మాత్ర

పుంగనూరు,
12-8-1998

వదినకు అమరావతి నమస్కారాలు.

మీరు పంపిన చింతపండు చేరింది. గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తాను. మాలతికి జ్వరం తగ్గి మళ్లీ బడికి పోతోంది.

ఈసారి మీకు రాయడానికి ఒక మంచి మాట దొరికింది. మీ తమ్ముడు నెల రోజులుగా నా మీద చెయ్యి ఎత్తలేదు. ఉగాదికి వచ్చినప్పుడు మీరు మా నడవ గోడ చూశారు కదా. తాగి వచ్చి ముందు సంగటి తట్టను తన్నేవాడు, తర్వాత నన్ను, ఆ తర్వాత ఆ గోడవారనే కక్కుకుని అందులోనే పడుకునేవాడు. పొద్దున్నే నేను బూడిద చల్లి ఎత్తిపోస్తుంటే ఎదురింటివాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. నాకు వాళ్ల మీద కోపం వచ్చేది కాదు. నా చేతుల మీదే రోత పుట్టేది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ చేతులతో బిడ్డకు అన్నం కలపబుద్ధి అయ్యేది కాదు.

ఇప్పుడు అవేమీ లేవు. అత్త రామసముద్రం పోయి మాత్రలు తెచ్చింది. రాత్రి ఒకటి. తాగి వచ్చినా సరే, తిన్న కాసేపటికే మాట మధ్యలో వాలిపోతాడు. పొద్దున లేపడమే కష్టం. ముఖాన నీళ్లు చల్లితే లేస్తాడు. ఓనరు నల్లప్ప జీపే ఇంకా తోలుతున్నాడు. తెల్లవారగానే జనాన్ని ఎక్కించుకుని మదనపల్లెకు పోతాడు. నాలుక కాస్త మందంగా తిరుగుతుంది, అంతే. "ఆ మాత్రం మత్తు మొగోడికి మంచిదే, కోపం సల్లగా ఉంటాది" అంటుంది అత్త.

మీ ఆరోగ్యం జాగ్రత్త. రాత్రి డ్యూటీలు తగ్గించమని అడగండి.

మీ మరదలు,
అమరావతి


కుప్పం,
20-8-1998

అమరావతికి,

డ్యూటీ దిగి వస్తూ బస్టాండులో నిలబడి నీ జాబు చదివాను. రెండోసారి ఇంటికి వచ్చి చదివాను. మా నర్సింగుహోములో ఈ వారం అంతా వాంతులు, విరేచనాల కేసులే. ఆ వాసన చీరకు పట్టి ఇంటిదాకా వస్తోంది. అలాంటి రోజున నీ జాబు కాస్త గాలి తగిలినట్టు ఉంది.

తోడబుట్టినవాడే అయినా చెప్తున్నాను, దేవరాజును చూస్తే నాకు రోత పుట్టి చాలా కాలమైంది. ఉగాది రోజు నీ చెంప మీద వాడి వేళ్లు చూసి ఆ పూట ఓళిగ మింగలేకపోయాను. అలాంటివాడు తనంతట తాను మాత్రలు మింగడానికి ఒప్పుకున్నాడంటే వాడిలో ఇంకా మనిషి మిగిలి ఉన్నాడన్నమాట. అమ్మ కూడా కొడుకు తప్పును తప్పు అని ఒప్పుకుంది. అది ఇంకా ఆశ్చర్యం.

ఒక్క విషయం. ఆ డాక్టరును ఒక మాట అడగమని దేవరాజుకు చెప్పు. రాత్రి మింగిన మాత్ర పొద్దున బండి ఎక్కేసరికి రక్తంలో ఎంత మిగిలి ఉంటుందో కనుక్కోమను. కొన్ని తెల్లవారేసరికి పోతాయి, కొన్ని పోవు. నీళ్లు చల్లి లేపాలంటున్నావు కాబట్టి అడుగుతున్నాను. మాత్ర పేరేమిటో రాయి.

మాలతికి ముద్దులు.

రేవతి


పుంగనూరు,
2-9-1998

వదినకు,

మాత్రల అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంది. నాకు సరిగా రాయడం రాదని రేకు ముక్కే కత్తిరించి కవరులో పెట్టాను.

మీరు ఒకటి తప్పుగా అనుకున్నారు. మాత్రల సంగతి మీ తమ్ముడికి తెలియదు. చెప్తే మింగుతాడా? రోకలితో నూరి పుల్లగూరలో కలిపేది అత్త. ఆ పులుపులో చేదు తెలియదు. ఇచ్చినాయన డాక్టరు కాదు, రామసముద్రంలో సూదులు వేసే ఆయన. ఎవరికి అని కూడా అడగలేదట. "నిద్ర పట్టల్లంటే ఇది, గట్టిగా పట్టల్లంటే రెండు" అన్నాడట.

మొన్న మదనపల్లె మార్కెట్టు దగ్గర టమాట బుట్టల బండికి జీపు రాసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. "వాడే అడ్డమొచ్చినాడు" అన్నాడు మీ తమ్ముడు. ముందురోజు పొడి కొంచెం ఎక్కువ పడిందని అత్త నా చెవిలో చెప్పింది.

మీరు కోప్పడతారని తెలుసు. కానీ నా జాబు గాలి తగిలినట్టు ఉందని మీరే రాశారు. ఆ మాట రెండు మూడుసార్లు చదువుకున్నాను.

అమరావతి


కుప్పం,
9-9-1998

అమరావతీ,

నీ కవరులోంచి ఆ రేకుముక్క జారి నా ఒళ్లో పడింది. మా డాక్టరమ్మకు చూపించాను. ఎవరికి వాడుతున్నారని అడిగింది. మా తమ్ముడికి అన్నాను. ఏం పని చేస్తాడంది. జీపు తోలుతాడని చెప్పడానికి నోరు రాలేదు. మగ్గం నేస్తాడని అబద్ధం చెప్పాను. "అయితే సరే, ఏ చక్రమూ పట్టుకోకుండా చూసుకో" అంది. పక్క గదిలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

ఆమె చెప్పింది నీకు అర్థమయ్యేలా రాస్తాను. ఇది ఒక రాత్రితో పోయే మాత్ర కాదు. ఇవాళ ఒకటి మింగితే రేపటి రాత్రికి కూడా సగానికి పైగా రక్తంలోనే ఉంటుంది. దాని మీద రేపటిది పడుతుంది, ఆ పైన ఎల్లుండిది. వారం పది రోజులకు వాడి రక్తంలో ఉండేది ఒక మాత్ర కాదు, రెండు మూడు మాత్రల మత్తు. వాడికి అది తెలియదు. బాగానే ఉన్నానంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి, స్టీరింగు చేతిలోనే ఉంటుంది, ఎదురుగా వచ్చే మనిషి కనిపిస్తాడు కూడా. కనిపించాక కాలు బ్రేకు మీదికి పోవడమే ఆలస్యమవుతుంది. బ్రాందీ తోడైతే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. తాగినవాడి దగ్గర కనీసం వాసన వస్తుంది, ఎక్కేవాళ్లు చూసి దిగిపోతారు. దీనికి వాసన కూడా లేదు.

ఇంకొకటి చెప్పింది. ఇన్నాళ్లు పెట్టినదాన్ని ఒక్కసారిగా ఆపకూడదట, వణుకు, ఫిట్సు వస్తాయట. కొంచెం కొంచెంగా తగ్గించాలి. వాడికి సంగతి చెప్పి, మంచి డాక్టరుకు చూపించండి. అమ్మకు ఈ జాబు చదివి వినిపించు.

ఆమె చేతి సంగటి తిని పెరిగిన నోరు నాది. ఇప్పుడు ఆ నోట్లో ఏదో కుళ్లినట్టు ఉంది. కొడుకు తినే కూడులో పొడి కలిపి, పది మందిని ఎక్కించుకుని పొమ్మని సాగనంపుతోంది. నువ్వు పక్కన నిలబడి చూస్తున్నావు.

రేవతి


పుంగనూరు,
21-9-1998

వదినకు,

మీరు రాసినట్టే కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాం. అత్త కూడా ఒప్పుకుంది. కత్తిపీట మీద మాత్రను రెండు ముక్కలు చేసి సగమే కలుపుతోంది. మీ తమ్ముడు ఇప్పుడు నీళ్లు చల్లకుండానే లేస్తున్నాడు. కాఫీ తాగి, ఒకసారి ఒళ్లు విరుచుకుని పోతున్నాడు. మీ భయం తీరిందనుకుంటాను.

చెప్పడం మాత్రం నా వల్ల కాదు. జీపు ఎక్కొద్దంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెప్పిన రాత్రి ఈ ఇంట్లో ఏమవుతుందో మీకు తెలియదు. మీరు ఉగాదికి వచ్చి చెంప చూశారు, చెంప ఒక్కటే చూశారు. జాబు నిండా రక్తం అని రాశారు. ఈ ఇంట్లో రక్తం ఎవరిదో, ఎన్నిసార్లు తుడిచానో ఏ డాక్టరమ్మకూ అక్కర్లేదు. మీకు తమ్ముడంటే రోత అని రాస్తారు, ఆ రోతతో కాపురం చేసేది నేను.

కోపంతో రాశాను. చింపేయకుండా పంపుతున్నాను.

అమరావతి


కుప్పం,
28-9-1998

అమరావతీ,

సగం మాత్ర పెట్టి బండి తోలించమని నేను రాయలేదు. సగం పెట్టినా రక్తంలో పాతది ఉండనే ఉంటుంది. లేచి కాఫీ తాగినంత మాత్రాన డ్రైవరు కాడు. నేను రాసిన జాబులో నీకు పనికొచ్చే మాట ఒక్కటే ఏరుకున్నావు. లేదా నేనే తగ్గించడం గురించి రాసి, దాని పక్కనే జీపు ఎక్కనివ్వొద్దని రాయలేదేమో. గుర్తు తెచ్చుకుంటే ఒళ్లు కంపరమెత్తుతోంది.

ఆదివారం వస్తున్నాను. వాడికి నేనే చెప్తాను. కొడితే నన్ను కొట్టనీ. అప్పటిదాకా ఏదో ఒక నెపం పెట్టి వాడిని ఇంట్లో ఉంచు.

రేవతి


పుంగనూరు,
2-10-1998

వదినకు,

మీ జాబు వచ్చేసరికి అంతా అయిపోయింది. మీరు ఎల్లుండి బయలుదేరేలోపు ఇది అందుతుందో లేదో.

బుధవారం పొద్దున ఊరు దాటాక మలుపులో మునెయ్య అనే గొర్రెలాయన మందను రోడ్డు దాటిస్తున్నాడు. ముందు గొర్రెలు దాటాయి, వెనక మనిషి. జీపు మంద మీదికి పోయి, ఆయన మీద నుంచి పోయి, మైలురాయిని గుద్దుకుని ఆగింది. జీపులో ఉన్నవాళ్లకు దెబ్బలు తగిలాయి గానీ ప్రాణాలకు ఏమీ కాలేదు. మునెయ్య అక్కడే పోయాడు. భార్య పేరు మంగమ్మ. పిల్లలు లేరు.

స్టేషనుకు నేనూ పోయాను. ఎస్సై మీ తమ్ముడి నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూశాడు.

"మందేసినావా?"

"లేదు సార్. రేత్రి గూడా తాగలా. నిన్నంతా బాడిగ."

"మరి కండ్లు యాడ పెట్టుకున్న్యావు?"

"సూస్తానే ఉన్న్యా సార్. ఆయప్ప కర్ర ఎత్తేది గూడా సూసినా. కాలు ఎత్తినట్టే ఉండాది. బ్రేకు మీద పడలా."

అతను అబద్ధం చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. మందేసినావా అన్న మాటకు జవాబు చెప్పవలసింది నేను. చెప్పలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. తాగుడు కోసమే పరీక్ష. చుక్క లేదని తేలిందట. చుట్టాలంతా ఇంటికి వచ్చి, శుభకార్యం జరిగినట్టు కాఫీలు తాగిపోయారు. "నా కొడుకు రక్తం గంగ మాదిరి ఉండాది" అని అత్త టెంకాయ కొట్టింది.

ఇది కూడా రాయాలి. చచ్చిన గొర్రెలకు నల్లప్ప నష్టం కట్టాడు. కట్టినందుకు అవి ఇక మనవే అన్నారట అతని మనుషులు. అక్కడే, మునెయ్య రక్తం ఆరని రోడ్డు పక్కనే కోసి పంచుకున్నారు. ఒక వాటా మా ఇంటికి పంపారు. అత్త వండింది. మునెయ్య శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది, మా ఇంట్లో మసాలా వాసన. మీ తమ్ముడు స్టేషను నుంచి వచ్చి గడపలోనే కక్కుకున్నాడు. తాగకుండా అతను కక్కుకోవడం చూడటం అదే మొదలు.

అమరావతి


కుప్పం,
20-10-1998

అమరావతీ,

నేను మీ ఇంట్లో ఒక పూటే ఉన్నాను. నీళ్లు కూడా తాగలేదని అమ్మ అందరికీ చెప్పుకుంటోందని విన్నాను. నిజమే. ఆ ఇంట్లో చెంబు ముట్టుకోబుద్ధి కాలేదు.

వాడికి చెప్పాలనే వచ్చాను. వాడు నా రెండు చేతులూ పట్టుకుని ఏమన్నాడో నువ్వూ విన్నావు. "అక్కా, నేను తాగలా. దేవుడే సూస్తా సూస్తా నా కాలు పట్టుకున్న్యాడు. నిన్ను, దాన్ని ఏడిపించినదానికి ఇది" అన్నాడు. అలా ఏడుస్తుంటే నా నోరు మూసుకుపోయింది. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "పొద్దు గూకితే నా కొడుకు మనిషి గాదు. నేను మనిషిని జేసినా. నువ్వు యాడనో ఉండి యాల పుల్లలు పెడతావు?" అంది. ఆమె కళ్లల్లో తప్పు చేశానన్న భయం ఏ మూలా లేదు. ఆ గొర్రె కూర వండిన గిన్నెనే తోముతూ అంది ఆ మాట.

బస్సులో కూర్చున్నాక నా మీదే నాకు రోత పుట్టింది. ఇంత దూరం వచ్చి, చెప్పకుండా తిరిగిపోయిన ఆడదాన్ని నేను. అమ్మ ఆ మాత్ర ఇంకా పెడుతుందేమో చూడు. వాడు కాలు జబ్బనుకుంటున్నాడు. మళ్లీ బండి ఎక్కకముందే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.

రేవతి


పుంగనూరు,
8-2-1999

వదినకు,

ఇన్నాళ్లు జాబు రాయనందుకు ఏమనుకున్నారో. అత్త మాత్రలు మానేసిందని నమ్మాను, ఆమె అలాగే చెప్పింది. మీ తమ్ముడు ఆ రోజు నుంచి తాగుడు ముట్టలేదు. ఇంట్లో గట్టిగా మాట కూడా లేదు. చెప్పి ఈ కాస్త ప్రశాంతమూ ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాను. ఉన్నమాట రాస్తున్నాను.

అతను అప్పుడప్పుడు మంగమ్మ ఇంటికి పోయేవాడు. కట్టెలు కొట్టి ఇచ్చేవాడు. ఆమె ఏమీ అనేది కాదు, తాగడానికి నీళ్లు ఇచ్చేది. కాలు జబ్బుకు బెంగుళూరు పోయి చూపించుకుంటానని అంటుండేవాడు. పోయిన నెల నల్లప్ప కబురు పెట్టాడు. జీపు బాగైంది, రమ్మని.

రేపు జీపు ఎక్కుతాడనగా మాలతి వాళ్ల నాన్న తట్టలో మిగిలిన సంగటి, పుల్లగూర తినింది. మర్నాడు బిడ్డ లేవలేదు. పిలిచినా, గిల్లినా, నీళ్లు చల్లినా లేవలేదు. పెదవులు తెల్లగా ఉన్నాయి. మీ తమ్ముడు భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరు "పాప ఏం తినింది?" అని అడిగాడు. అత్త నావైపు చూసింది. ఆ చూపు చూశాక తెలిసిపోయింది, ఆమె ఒక్క రాత్రి కూడా మానలేదని. "కొడుకు రేత్రులు ఏడస్తా ఉంటే సూడలేక ఏసినా" అని తర్వాత అంది.

నేను అక్కడే, అందరి ముందరే, మొదటి నుంచి చెప్పేశాను. డాక్టరు మాలతి కడుపు కడిగించాడు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. ఇప్పుడు బాగుంది.

మీ తమ్ముడు కొడతాడనుకున్నాను. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మునెయ్య పొయ్యిన పొద్దు గూడానా?"

"సగం."

"సగమా" అన్నాడు. కాలు చేత్తో రుద్దుకుంటూ, "కాలు సచ్చుబడిందనుకున్న్యానే నేను" అన్నాడు.

మర్నాడు జీపు ఎక్కలేదు, స్టేషనుకు పోయాడు. "రిపోర్టులో తాగలేదని రాసుండాది. లేనిపోనిది తెచ్చి యాల పొడిగిస్తావు? మీ అమ్మను లోపలెయ్యమంటావా?" అని పంపేశారు. అక్కడి నుంచి మంగమ్మ దగ్గరికి పోయి చెప్పాడు. ఆమె అంతా విని, "ఏం తింటాండావో నీకే తెలీకపోతే మా మనిషి రోడ్డు మీద ఏం జేస్తాడప్పా" అందట. కొట్టిన కట్టెల మోపు తీసి బయట వేసింది. "ఇంగ మా వాకిలి తొక్కాకు" అందట.

అత్తను మీ దగ్గరికి పిలిపించుకోండి. నేను ఆమె ముఖం చూడలేను. ఆమె వండిన పొయ్యి మీద వండలేను.

అమరావతి


కుప్పం,
1-3-1999

అమరావతీ,

అమ్మ వచ్చింది. నేను వద్దనలేను కాబట్టి వచ్చింది. పొయ్యి దగ్గరికి రావద్దని మొదటి రోజే చెప్పాను. ఆమెకు అందులో అవమానం కూడా కనిపించలేదు, పని తప్పిందని కాళ్లు చాపుకుని కూర్చుంది.

నిన్న పక్కింటామె వచ్చి, మొగుడు తాగి వస్తాడని ఏడ్చింది. నేను లోపల ఉన్నాను. అమ్మ గొంతు తగ్గించి, "రామసముద్రంలో ఒకాయన ఉండాడు" అని మొదలుపెట్టింది. బయటికి వచ్చి ఆమె నోరు మూయించి, పక్కింటామెను పంపేశాను. "మనిషి పోయాడమ్మా, మాలతి పోబోయింది" అన్నాను. "నా కొడుకు బతికుండాడు. తాగుడు మానినాడు. మాలతి గూడా లేసింది. ఇంగేం కావల్ల మీకు?" అంది. అలా అడిగి, నిజంగానే జవాబు కోసం నా ముఖంలోకి చూసింది. డెబ్భై ఏళ్ల మనిషి, నన్ను కన్నది. నాకు ఆమెను కొట్టాలనిపించింది. కొట్టే రక్తం మా ఇంటిదేనని తెలిసి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

చెప్తానని రాసి నేనూ చెప్పలేదు. అయినా నీ మీద కోపం ఉంది. నీకు జరిగినది గుర్తొస్తే ఆ కోపం నిలబడదు. ఆ తర్వాత మునెయ్య గుర్తొస్తాడు. దేవరాజు ఎలా ఉన్నాడు?

రేవతి


పుంగనూరు,
25-4-1999

వదినకు,

మీ తమ్ముడు నల్లప్పకు తాళాలు తిరిగి ఇచ్చేశాడు. మదనపల్లె టమాట మండీలో బుట్టలు ఎత్తే పనికి పోతున్నాడు. మాత్రలు తగ్గించి మాన్పించింది ఆ పెద్దాసుపత్రి డాక్టరే. కొన్ని వారాలు చేతులు వణికాయి, ఇప్పుడు లేదు. కేసు కోర్టులో ఉంది. జడ్జి అడిగితే అంతా చెప్తానంటున్నాడు. ఎవరూ అడగరని వకీలు అంటున్నాడు.

ఇంట్లో నేను వండింది తినడు. నడవలో కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని తనే సంగటి కెలుక్కుంటాడు. మాలతి కూడా పోయి అతని పక్కన కూర్చుని తింటోంది. నా గిన్నెల వైపు చూడదు. ఎవరూ చెప్పకుండానే బిడ్డ అలా అయింది.

ఒకరోజు అడిగాడు. "నన్ను సంపల్లనుకున్న్యావా?"

"లేదు. నిద్రపోవల్లనుకున్న్యా. నేను."

పెళ్లయినప్పటి నుంచి నా నిద్ర సంగతి ఈ ఇంట్లో మాటగా వచ్చింది అదొక్కసారే.

మొన్న నాకు ఒళ్లు కాలిపోతూ జ్వరం వచ్చింది. పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం అతను మండీ నుంచి వచ్చి సంగటి చేసి, ఒక ముద్ద, కాస్త ఊరిబిండి పచ్చడి తట్టలో పెట్టి తెచ్చి నా ముందర పెట్టాడు.

"తిను. ఏమీ కలపలా" అన్నాడు.

ఎత్తిపొడుపో, నిజంగానే ధైర్యం చెప్పాడో ముఖం చూస్తే తెలియలేదు. అడగలేదు. ఆకలిగా ఉంది, తిన్నాను. నేను తింటున్నంతసేపూ అతను నావైపు చూడకుండా వాకిట్లో నిలబడ్డాడు.

అమరావతి